పథ్యం చేసినా తగ్గకపోతే?

పథ్యం చేసినా జబ్బు తగ్గలేదంటే మన ఇళ్ళల్లో ముందు అనే మాట ఒకటే: "నోరు కట్టుకుని ఉండదు!" పథ్యంలోనే లోపం ఉండొచ్చని ఎవరికీ తోచదు. సీలియాక్ అనే జబ్బు చరిత్ర చదువుతుంటే నాకు ఆ రోగుల మీద జాలి కలిగింది.

గోధుమల్లోనూ, బార్లీలోనూ ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు కొందరికి పడదు. అది తింటే చిన్నపేగు లోపలి పొర దెబ్బతిని, తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు, కడుపుబ్బరం, నీరసం. చిన్నపిల్లలైతే పొట్ట ముందుకొచ్చి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా అయిపోతాయి.

ఈ జబ్బును లండన్ డాక్టరు శామ్యూల్ గీ 1888లో వివరంగా రాశాడు. నయమయ్యేదుంటే తిండి మార్పు వల్లే నయం కావాలన్నాడు. ఎంత సరైన మాట! కానీ ఆయన చెప్పిన పథ్యం చూడండి. అన్నం, సగ్గుబియ్యం పనికిరావట. రొట్టె మాత్రం పల్చగా కోసి, రెండువైపులా బాగా కాల్చి పెట్టొచ్చట! ఏ పాపం ఎరగని అన్నాన్ని గుమ్మం బయట నిలబెట్టి, అసలు దొంగను కాస్త వెచ్చబెట్టి మరీ లోపలికి పిలిచారన్నమాట. ఆ రొట్టెముక్కను శ్రద్ధగా కాల్చిపెట్టిన తల్లులు, బిడ్డ ఎందుకు కోలుకోవడం లేదో తెలీక ఎంత కుమిలిపోయి ఉంటారో! ఒక పిల్లాడు రోజూ హాలెండు ఆల్చిప్పలు తిన్నన్నాళ్ళూ పుంజుకున్నాడనీ, వాటి కాలం అయిపోగానే మళ్ళీ మొదటికొచ్చాడనీ గీ రాశాడు. మరుసటేడు పెట్టబోతే వాడు నోరు తెరవలేదట.

1924లో న్యూయార్కు డాక్టరు సిడ్నీ హాస్ అరటిపళ్ళ పథ్యం పెట్టాడు. రొట్టె, బంగాళాదుంపలు మానిపించాడు. పిల్లలు నిజంగానే కోలుకున్నారు. మహిమంతా అరటిపండుదేననుకున్నారు. జబ్బు పోయిందని మళ్ళీ రొట్టె పెట్టారు.

గుట్టు విప్పినవాడు హాలెండు పిల్లల డాక్టరు విల్లెం డికె. 1944-45 చలికాలంలో, యుద్ధంవల్ల ఆ దేశంలో కరువొచ్చింది. జనం తులిప్ దుంపలు తిని బతికారు. రొట్టె దొరకని ఆ రోజుల్లో సీలియాక్ పిల్లలు తేరుకున్నారు. రొట్టె రాగానే మళ్ళీ పడకేశారు. కరువే ఆయనకు దారి చూపించిందని కథగా చెబుతారు గానీ, గోధుమలు మాన్పించిన ఫలితాల గురించి ఆయన 1941లోనే రాశాడు. అంతకుముందు ఒక తల్లి, రొట్టె మానిపిస్తే తన బిడ్డ ఒంటిమీది దద్దుర్లు తగ్గుతున్నాయని ఆయనతో అన్నదట. కరువుకిచ్చే పేరులో సగం ఆవిడకివ్వాలంటాను నేను! 1950లో డికె సిద్ధాంతవ్యాసంతో గోధుమే కారణమని తేలింది.

ఇంత తెలిశాక కూడా, గోధుమలు మానేసినా బాధ తగ్గనివాళ్ళున్నారు. పెద్దవాళ్ళకి పేగు మానడానికి ఒక్కోసారి రెండేళ్ళు దాటుతుంది. అది మానేదాకా కొందరికి పాలు కూడా అరగవు. ఎంత పథ్యమున్నా లొంగక, మందులు వాడవలసిన రకమూ ఉంది గానీ, అది అరుదు. డాక్టర్లు ముందు వెతికేది మాత్రం తెలియకుండా కడుపులోకి పోతున్న గోధుమనే. మన వంటింట్లో అది ఎక్కడుంటుందంటారా? బజారులో కొనే ఇంగువలో చాలా రకాల్లో మైదా కలుస్తుంది. చారులో చిటికెడే కదా అనుకుంటాం, కానీ ఆ చిటికెడు రోజూ పడుతుంది! సోయా సాసులోనూ సాధారణంగా గోధుమ ఉంటుంది. చపాతీలు కాల్చిన పెనం మీదే దోసె పోస్తాం. ఇక పిండిమర సంగతి సరేసరి. మన బియ్యం పోసేముందు మరలో ఆడినవి ఎవరివో గోధుమలే అయ్యుంటాయి.