రిలేషనల్ డేటాబేసు

రిలేషనల్ డేటాబేసు అనగా దత్తాంశాలను అడ్డు వరుసలు, నిలువు వరుసలు గల పట్టికల రూపంలో భద్రపరచే సమాచార నిధి. ఈ పట్టికలలో సమాచారాన్ని చేర్చడానికి, మార్చడానికి, వెతకడానికి వాడే భాషను ఎస్‌క్యూఎల్ అంటారు. బ్యాంకు ఖాతాలు, రైలు రిజర్వేషన్లు, గ్రంథాలయ జాబితాలు మొదలైనవి ఎక్కువగా ఈ పద్ధతిలోనే నడుస్తాయి. అందువలన కార్యాలయ ఉద్యోగాలకు, సాఫ్ట్‌వేరు ఉద్యోగాలకు ఇది ప్రాథమిక విద్యగా మారింది.

పేరు వెనుక అర్థం

పట్టికల మధ్య సంబంధాలు ఉంటాయి కనుక ఈ పేరు వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది గణితంలోని సమితి వాదం నుండి వచ్చిన మాట. అక్కడ సంబంధం అంటే ఒక సమితి. ఇక్కడ ఒక్కొక్క పట్టికే ఒక సంబంధం. తెలుగు మాధ్యమంలో సమితులు, ఉపసమితులు, కార్టీజియన్ లబ్ధం చదివిన విద్యార్థికి దీని పునాది ముందే తెలుసు.

చరిత్ర

ఐబీఎం సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో ఈ నమూనాను ప్రతిపాదించాడు. ఇందుకు ఆయనకు 1981లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో సీక్వెల్ అనే ప్రశ్న భాషను ప్రకటించారు. అదే తరువాత ఎస్‌క్యూఎల్ అయింది. 1986లో అమెరికా ప్రమాణాల సంస్థ, 1987లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దీనిని ప్రామాణిక భాషగా గుర్తించాయి.

ఒక ఉదాహరణ

హైదరాబాదులోని చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. పోటీ పరీక్షల శిక్షణకు పేరుపొందిన అశోక్ నగర్ దీనికి చేరువలోనే ఉండటంతో అభ్యర్థులు ఎక్కువగా ఇక్కడికి వచ్చి చదువుకుంటారు. ఇటువంటి గ్రంథాలయానికి కావలసిన పట్టికలను ఊహించి చూద్దాం. ఇవి బోధన కొరకు కల్పించినవే గాని ఆ గ్రంథాలయపు అసలు రికార్డులు కావు.

పాఠకులు
సభ్యత్వ సంఖ్య | పేరు | ప్రాంతం
101 | లక్ష్మి | చిక్కడపల్లి
102 | లక్ష్మి | నారాయణగూడ
103 | రహీం | అశోక్ నగర్

ప్రతులు
ప్రతి సంఖ్య | పుస్తకం
5001 | కన్యాశుల్కం
5002 | కన్యాశుల్కం
5003 | వేయిపడగలు

ఇష్యూలు
ఇష్యూ సంఖ్య | ప్రతి సంఖ్య | సభ్యత్వ సంఖ్య | తిరిగి వచ్చిన తేదీ
1 | 5001 | 102 | 17-6-2024
2 | 5002 | 103 | నల్
3 | 5003 | 102 | నల్

నల్ అంటే విలువ ఇంకా నమోదు కాలేదని అర్థం. ఇక్కడ పుస్తకం ఇంకా తిరిగి రాలేదు.

ప్రైమరీ కీ, ఫారిన్ కీ

ఒక వరుసను మిగతా వాటి నుండి తిరుగులేకుండా గుర్తించే అంశం ప్రైమరీ కీ. పాఠకుల పట్టికలో అది సభ్యత్వ సంఖ్య. పేరు కీగా పనికిరాదు, ఎందుకంటే లక్ష్ములు ఇద్దరున్నారు. పుస్తకం పేరు కూడా ప్రతికి కీ కాలేదు, ఎందుకంటే కన్యాశుల్కం ప్రతులు రెండున్నాయి. ఇష్యూల పట్టికలోని సభ్యత్వ సంఖ్య పాఠకుల పట్టికను సూచిస్తుంది కనుక అది ఫారిన్ కీ.

ఒక విషయాన్ని ఒకేచోట వ్రాయాలనేది ఇక్కడి ముఖ్య సూత్రం. నారాయణగూడ లక్ష్మి ఇల్లు మారితే పాఠకుల పట్టికలో ఒక్క వరుస దిద్దితే చాలు. ప్రతి ఇష్యూ వద్దా ఆమె ప్రాంతాన్ని వ్రాసి ఉంటే కొన్నిచోట్ల పాతది, కొన్నిచోట్ల కొత్తది మిగిలిపోతుంది. ఇటువంటి పునరుక్తిని తొలగించే పద్ధతిని నార్మలైజేషన్ అంటారు.

ప్రశ్న వ్రాయడం

ఎస్‌క్యూఎల్ ఆదేశ పదాలను ఆంగ్ల లిపిలో టైపు చేయాలి. ఇక్కడ వాటి ఉచ్చారణ ఇవ్వబడింది.

సెలెక్ట్ పేరు ఫ్రమ్ పాఠకులు వేర్ ప్రాంతం = 'నారాయణగూడ';

వ్రాసేటప్పుడు సెలెక్ట్ ముందు వస్తుంది. అర్థం చేసుకోవలసిన క్రమం మాత్రం ఫ్రమ్, వేర్, సెలెక్ట్. అంటే "పాఠకుల పట్టిక నుండి, నారాయణగూడ వారి, పేర్లు చూపు" అని. క్రియ చివర వచ్చే తెలుగు వాక్యం సరిగ్గా ఈ క్రమంలోనే ఉంటుంది.

పుస్తకాలు ఎవరి వద్ద ఉన్నాయో తెలియాలంటే రెండు పట్టికలను జాయిన్‌తో కలపాలి:

సెలెక్ట్ పాఠకులు.పేరు, ఇష్యూలు.ప్రతి_సంఖ్య
ఫ్రమ్ పాఠకులు జాయిన్ ఇష్యూలు
ఆన్ పాఠకులు.సభ్యత్వ_సంఖ్య = ఇష్యూలు.సభ్యత్వ_సంఖ్య
వేర్ ఇష్యూలు.తిరిగి_వచ్చిన_తేదీ ఈజ్ నల్;

దీనికి జవాబుగా రహీం వద్ద 5002, లక్ష్మి వద్ద 5003 ఉన్నట్లు వస్తుంది. ఇష్యూల పట్టికలో సంఖ్యకు బదులు పేరు వ్రాసి, పేరుతోనే పట్టికలను కలిపి ఉంటే, ఏ పుస్తకమూ తీసుకోని చిక్కడపల్లి లక్ష్మి కూడా బాకీదారుల జాబితాలో చేరేది. జీతాలు, మార్కులు, పింఛన్ల పట్టికలలో ఇటువంటి పొరపాటు జరిగితే ఒకరికి రావలసినది మరొకరికి పోతుంది.

జాగ్రత్తలు

* నల్ అంటే సున్నా కాదు, ఖాళీ అక్షరమాల కాదు. దానిని "= నల్" అని పోల్చితే ఏ వరుసా రాదు; "ఈజ్ నల్" అనే వ్రాయాలి.
* అప్‌డేట్, డిలీట్ ఆదేశాలలో వేర్ మరచిపోతే పట్టికలోని అన్ని వరుసలూ మారిపోతాయి లేదా చెరిగిపోతాయి. ముందుగా అదే షరతుతో సెలెక్ట్ వ్రాసి ఏ వరుసలు వస్తున్నాయో చూసుకోవడం మంచి అలవాటు.
* ట్రాన్సాక్షన్ ప్రారంభించి పనిచేస్తే, కమిట్ చేయకముందు రోల్‌బ్యాక్‌తో పూర్వస్థితికి తిరిగి రావచ్చు.

అభ్యాసం

హైదరాబాదులో ఈ శిక్షణకు అమీర్‌పేట ప్రసిద్ధి. అయితే అభ్యాసానికి శిక్షణ సంస్థలో చేరి తీరాలని లేదు. ఎస్‌క్యూలైట్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మరియాడీబీ ఉచితంగా లభిస్తాయి. ఎస్‌క్యూలైట్‌లో డేటాబేసు అంతా ఒకే ఫైలులో ఉంటుంది; సర్వరు అవసరం లేదు. పై మూడు పట్టికలను కాగితంపై గీసి, జవాబును ముందుగా చేతితో కనుగొని, తరువాత కంప్యూటరుతో సరిచూసుకుంటే విషయం త్వరగా పట్టుబడుతుంది.

ఇవి కూడా చూడండి

* సమితి
* గ్రంథాలయం
* చిక్కడపల్లి