అతుకుల బొంత – చీవర నియమం

ఖరగ్‌పూర్‌లో ఐఐటీ ప్రాంగణానికి ఆనుకొని ఉన్న పేట ప్రేమ్ బజార్. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని కూడలిగా, కర్మాగార కేంద్రంగా తీర్చిదిద్దడంతో ఉత్తరాంధ్ర నుండి అనేక శ్రామిక కుటుంబాలు ఖరగ్‌పూర్‌కు తరలివచ్చాయి. వారి బొంతకు ఇక్కడ బెంగాలీల కాంథా పొరుగైంది. పాత చీరలు, ధోవతులు పొరలుగా పరచి, చిరుగులపై గుడ్డముక్కలు అతికి, అంచు నుండి అంచుకు వరుస కుట్టుతో బిగించడమే రెండింటి పద్ధతీ. పసిబిడ్డ కోసం కుట్టే చిన్న బొంతకు కొత్త బట్ట పనికిరాదు. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నేతే కావాలి.

తెలుగు నుడికారంలో ‘అతుకుల బొంత’ అన్నది నింద. వినయపిటకంలో మాత్రం అతుకే నియమం. మహావగ్గలోని చీవరక్ఖంధకం ప్రకారం, మగధలో గట్లతో విభక్తమైన పొలాలను చూపి, ఆ రీతిలో చీవరాన్ని రూపొందించగలవా అని బుద్ధుడు ఆనందుని అడిగాడు. ముక్కలుగా కోసి కుట్టిన వస్త్రం శ్రమణులకు తగినది, ఇతరులు ఆశించనిది. కోతతోనే బట్ట విపణిలోని వెలను కోల్పోతుంది. 5వ శతాబ్దానికి చెందిన బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గంలో పేర్కొన్న 23 విధాల పాంసుకూల వస్త్రాలలో అంగడి వాకిట పారవేసిన గుడ్డ కూడా ఒకటి.

పాతదానిని కొత్తదానితో కలపడం కూడా నియమమే. భిక్షువు కూర్చునేందుకు కొత్త సంథతం చేయించుకుంటే, దాని వన్నె తగ్గేటట్లు పాతదాని నుండి సుగత ప్రమాణాన జానెడు భాగం అందులో చేర్చాలి. చుల్లవగ్గలో కౌశాంబి రాజు ఉదయనుడు, అంతఃపుర స్త్రీలు దానమిచ్చిన 500 వస్త్రాలను ఏం చేస్తారని ఆనందుని ప్రశ్నిస్తాడు. అవి చీవరాలు చిరిగిన భిక్షువులకు వెళ్తాయి. పాత చీవరాలు పక్కదుప్పట్లవుతాయి, అవి పరుపు గలీబులు, అవి నేల పరపులు, అవి కాళ్లు తుడిచే పట్టాలు, అవి దుమ్ము తుడిచే గుడ్డలు అవుతాయి. చివరకు వాటిని ముక్కలుచేసి, మట్టిలో కలిపి నేల అలుకుతారు.

ఈ పోలికను బట్టి బొంత చీవరం నుండి పుట్టిందనడం తగదు. అయితే ఆనందుని సమాధానం పరిశోధకులకు ఒక హెచ్చరిక. ఖరగ్‌పూర్ ఉన్న జిల్లాలోనే, దాంతన్ సమీపాన మొగల్‌మారిలో కలకత్తా విశ్వవిద్యాలయం 2003–04లో ప్రారంభించిన తవ్వకాల్లో బౌద్ధ విహారం బయల్పడింది. అక్కడ ఇటుక కట్టడాలు, గచ్చు బొమ్మలు, ముద్రలు లభించాయి. వంగనేల తేమలో వస్త్రం అంతకాలం నిలవడం అరుదు. నిలిచే అవకాశమున్న గుడ్డను సైతం వినయ జీవనం పూర్తిగా వినియోగించి మట్టిలో కలిపేది.

నేటి బొంతకూ అదే గతి. జోకాలోని గురుసదయ్ సంగ్రహాలయం వంటి చోట్ల చిత్రమైన కుట్టుపని గల కాంథాలు భద్రంగా ఉన్నాయి. బిడ్డ కింద పరచి, ఆపై నేల తుడిచే గుడ్డగా మారిన బొంత ఏ సంగ్రహాలయానికీ చేరదు. కనుక ప్రేమ్ బజార్ వంటి పేటల్లో సేకరించవలసింది బొంతను మాత్రమే కాదు. ఏ బట్ట ఎవరి ఒంటి నుండి వచ్చింది, ఎన్ని పొరలైంది, చిరిగిన పిదప ఏమైంది అన్న వరుసను. వస్తువు అరిగిపోయినా ఆ వరుస నమోదైతే, ఆనందుడు ఉదయనునికి చెప్పిన క్రమాన్ని నేటి ఇంటి వాడుకతో సరిపోల్చి చదవడానికి ఆధారం మిగులుతుంది.