ముక్కలుగా వచ్చిన కారు

మా గరాజ్‌లో ఒక పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారుంది. "కారుంది" అనడం కొంచెం ఎక్కువేననుకోండి. బాడీ నాలుగు చెక్క దిమ్మల మీద ఉంది, ఇంజను ఓ మూల దుప్పటి కప్పుకుని ఉంది, మిగతాదంతా అట్టపెట్టెల్లో ఉంది. ఇరవై ఏళ్ళు ఎవరి షెడ్డులోనో చెమ్మకి నాని తుప్పు పట్టినదాన్ని చవగ్గా వస్తోందని కొన్నాను. బాగుచేసి అమ్మితే నాలుగు డాలర్లు మిగుల్తాయని మా ఆవిడకి చెప్పాను. మూడేళ్ళయింది. ఆవిడ ఆ లెక్క అడగడం కూడా మానేసింది.

పగలంతా ఎవరో రాసిపోయిన కోడులో తప్పులు వెతకడం, ఆదివారం ఎవరో విప్పిపోయిన నట్లు వెతకడం. ఇది సరదా ఎలా అయిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. కానీ ఈ దేశంలో ఈ పిచ్చి నా ఒక్కడిదే కాదు. దీనికో చరిత్ర ఉంది.

1938 చివర్లో న్యూజిలాండ్ ప్రభుత్వం దిగుమతులకి లైసెన్సులు పెట్టింది. కారణం మనకి బాగా తెలిసిందే, విదేశీ మారకం కొరత. ఆ పద్ధతి రకరకాల రూపాల్లో 1980ల దాకా సాగింది. కొత్త కారు కావాలంటే పేరు రాయించుకుని ఎదురు చూడాలి. విదేశాల్లో డబ్బున్నవాళ్ళకి మాత్రం కారు ముందు దొరికేది. కొంచెం వాడిన కారు కొత్తదానికన్నా ఎక్కువ ధరకి అమ్ముడుపోయిన రోజులు కూడా ఉన్నాయి. ఎక్కడో విన్నట్టుంది కదూ? మన బజాజ్ చేతక్ కథే. మా నాన్న పేరు రాయించుకుని ఎన్నేళ్ళు ఎదురు చూశారో ఇప్పటికీ చెబుతూ ఉంటారు.

కొత్తది దొరకనప్పుడు ఉన్నదాన్ని చావనివ్వరు. తీసిపారేయాల్సిన కారుని ఇంకో పదేళ్ళు నడిపేవారు. విడిభాగం దొరక్కపోతే ఇంట్లోనే చేసుకునేవారు. పొలాల కంచెకి వాడే ఎనిమిదో నంబరు తీగతో దేన్నైనా బాగుచేస్తామని ఇక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఇన్వర్‌కార్గిల్‌లో బర్ట్ మన్రో అనే పెద్దాయన 1920 నాటి మోటారు సైకిలుకి పాత డబ్బాల్లో పిస్టన్లు పోతపోసుకుని, 1967లో అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో వెయ్యి సి.సి. లోపు తరగతిలో ప్రపంచ రికార్డు పెట్టాడు. ఆ బండి కంపెనీ పేరు ఇండియన్. ఆయన మీద 2005లో సినిమా వచ్చినప్పుడు, పేరులో ఇండియన్ చూసి అది మనవాడి కథనుకుని వెళ్ళిన మిత్రులు నాకున్నారు.

సరే, అసలు కథ ఆక్లాండ్‌ది. రెమ్యూరాలో, అప్లండ్ రోడ్డు మీద లెస్ మెక్‌లారెన్ అనే ఆయనకి పెట్రోలు బంకు, దాంతోపాటు మెకానిక్ షెడ్డు ఉండేవి. ఆయన కొడుకు బ్రూస్ 1937లో పుట్టాడు. తొమ్మిదో ఏట పిల్లాడి తుంటికి పెర్తెస్ జబ్బు వచ్చింది. తొడ ఎముక పైకొసకి రక్తం అందక అది అరిగిపోయే జబ్బు. టాకపూనాలోని విల్సన్ హోమ్‌లో దాదాపు రెండేళ్ళు మంచానికి కట్టేసినట్టు పడుకోబెట్టారు. బయటికొచ్చాక ఎడమ కాలు కుడికాలికన్నా పొట్టిగా మిగిలింది. జీవితాంతం కుంటుతూనే నడిచాడు.

1950ల మొదట్లో లెస్ ఒక 1929 ఆస్టిన్ సెవెన్ అల్‌స్టర్‌ని కొన్నాడు. ముక్కలు ముక్కలుగా విప్పేసి ఉంది. బాగుచేసి అమ్మేద్దామని ఆయన ఉద్దేశం. (మా ఆవిడ ఇది చదివితే నవ్వుతుంది.) ఆస్టిన్ సెవెన్ అంటే 1922లో ఇంగ్లండులో మొదలైన బుల్లి కారు, 747 సి.సి. ఇంజను. మోటారు సైకిలు తొట్టిలో పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకు తిరిగేవాడికి కారు యోగం పట్టించింది అదే. బి.ఎమ్.డబ్ల్యూ మొదటి కారు దాని లైసెన్సు నకలే. లోటస్ పెట్టిన కాలిన్ చాప్‌మన్ మొదటి కారు కట్టుకున్నదీ దాని మీదే. అల్‌స్టర్ దాని రేసు రూపం, రెండే సీట్లు.

తండ్రీకొడుకులు నెలల తరబడి కూర్చుని దాన్ని బిగించారు. నడిపి చూసిన లెస్‌కి నచ్చలేదు. కేబుళ్ళతో పనిచేసే దాని బ్రేకులు పడితే పడతాయి, లేకపోతే లేదు. కొడుకు మాత్రం అమ్మొద్దని పట్టుబట్టాడు. ఇంటి వెనక పెరట్లో ఎనిమిది అంకె ఆకారంలో దారి వేసుకుని నేర్చుకున్నాడు. 1952లో మురివై దగ్గర కొండ ఎక్కే పోటీలో దాన్ని దింపాడు. ఏడేళ్ళ తరవాత, 1959 డిసెంబరులో, 22 ఏళ్ళ వయసులో, అమెరికా గ్రాండ్ ప్రీ గెలిచాడు. అంత చిన్న వయసులో ఫార్ములా వన్ గ్రాండ్ ప్రీ గెలిచిన రికార్డు 2003 దాకా ఆయనదే. 1963లో సొంత జట్టు పెట్టాడు. 1968లో బెల్జియంలో సొంత పేరున్న కారులోనే గెలిచాడు. ఇవాళ్టి మెక్‌లారెన్ అదే.

ఇదంతా మా ఆవిడకి ఉత్సాహంగా చెప్పాను. "తరవాత?" అంది. 1970 జూన్ 2న ఇంగ్లండులో గుడ్‌వుడ్ దగ్గర కొత్త కారుని పరీక్షిస్తుండగా ప్రమాదంలో పోయాడు. 32 ఏళ్ళు. "చూశారా మరి," అంది. నేనేం మాట్లాడలేదు. ఆ కారు లెస్ అమ్మేసి ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? రెండేళ్ళు మంచంలో ఉన్న పిల్లాడికి ఏ తండ్రైనా "జాగ్రత్త" అనే అంటాడు. ఆయన పానా ఇచ్చాడు.

మా నాన్న ఆదివారాలు గుడివాడలో వాకిట్లో గోనె పరుచుకుని స్కూటరు విప్పేవారు. ప్లగ్గు గీకి, కార్బురేటర్ని కిరోసిన్‌లో కడిగేవారు. నేను వెళ్ళి పక్కన నించుంటే, "నీకెందుకురా ఈ గ్రీజు, వెళ్ళి చదువుకో" అనేవారు. వెళ్ళి చదువుకున్నాను. అందుకే ఇక్కడున్నాను. అందుకే నలభై దాటాక, ఏ నట్టు ఎటు తిప్పాలో వీడియోలు చూసి నేర్చుకుంటున్నాను.

మావాడికి పధ్నాలుగు. మొన్న ఆదివారం గరాజ్‌లోకొచ్చి, చెవుల్లోంచి ఆ తీగలు పీకి, "నాన్నా, నేనూ చెయ్యనా?" అన్నాడు. సోమవారం లెక్కల పరీక్ష. "వెళ్ళి చదువుకో" అన్నమాట నోటి చివరిదాకా వచ్చింది. పానా చేతికిచ్చాను. జారి వేళ్ళు గీరుకున్నాయి. వాళ్ళమ్మ లోపల్నించి ఏమిటా చప్పుడని కేకేసింది. ఏం లేదని ఇద్దరం ఒకేసారి అన్నాం.

ఎగ్జాస్ట్ దగ్గర ఆరు నట్లలో నాలుగు ఊడాయి. రెండు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. వచ్చే ఆదివారం చూడాలి.