ఊరెళ్తున్నారా? కుక్కను ఎవరికి అప్పగిస్తున్నారు?

సంక్రాంతికి జనం ఊళ్లకు వెళ్లిపోతే హైదరాబాద్‌లో పెంపుడు కుక్కల బోర్డింగ్ కేంద్రాలకు గిరాకీ పెరుగుతుంది. టికెట్లు తీసుకున్న రోజే కుక్క సంగతీ తేల్చుకోవడం మంచిది.

నిర్వాహకులు మొదట అడగాల్సింది టీకాల కార్డు. మిమ్మల్ని అడగలేదంటే పక్క గదిలోని కుక్క యజమానినీ అడిగి ఉండరు. పార్వో వైరస్ పరిసరాల్లో నెలల తరబడి బతకగలదు. టీకా పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది కాబట్టి ప్రయాణానికి ముందు రోజు వేయించి లాభం లేదు.

ఫొటోలు చూసి నమ్మకండి. కుక్కలు పడుకునే చోటికి స్వయంగా వెళ్లండి. రాత్రిపూట ఎవరుంటారని అడగండి. పగలు ఆడించే మనుషులున్నా, రాత్రి తాళమే కాపలా అయితే వద్దనుకోవడమే మేలు.

జంతు హింస నివారణ చట్టం (1960) ప్రకారం కుక్క ఎవరి అధీనంలో ఉంటే వారినీ యజమానిగానే పరిగణిస్తారు. తిండీనీళ్లు పెట్టకపోయినా, పొట్టి గొలుసుతో అకారణంగా గంటల తరబడి కట్టేసినా 11వ సెక్షన్ కింద నేరమే. అయితే తొలి తప్పుకు ఆ చట్టంలో రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు! అందుకే ముందు జాగ్రత్తే దిక్కు.

కొత్త చోటైతే ముందే ఒక్క రాత్రి ఉంచి చూడండి. ముసలి కుక్కకు మాత్రం తెలిసినవారు మీ ఇంటికే వచ్చి చూసుకోవడం నయం. అత్యవసరమైతే ఏ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలో, ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చో రాసివ్వండి.

తిరిగొచ్చాక మూడు వారాలు గమనించండి. పిడుదుల వల్ల వచ్చే జ్వరం వెంటనే బయటపడదు.