రాజధాని పోయాక వచ్చిన పిల్లలు

కర్నూలు చరిత్ర చెప్పమంటే అందరూ 1953 అక్టోబరు 1తోనే మొదలుపెడతారు. ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని, గుడారాల్లో కచేరీలు, ప్రకాశం పంతులు, ఆయన తర్వాత బెజవాడ గోపాలరెడ్డి. 1956 నవంబరు 1న అంతా హైదరాబాదుకు తరలిపోయింది. మూడేళ్ళ ముచ్చట అని ఒక నిట్టూర్పు విడిచి ముగిస్తారు. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన నాకు ఆ ముగింపు ఒప్పుదల కాదు. రాజధాని వెళ్ళిపోయిన ఆ 1956లోనే ఇక్కడ మెడికల్ కాలేజీ పెట్టారు. ఉద్యోగుల కోసం వెలిసిన ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు పేర్లు నేటికీ ఉన్నాయి. అధికారులు పోయిన ఊరిని నింపింది విద్యార్థులు. రాజధాని ఉన్నది మూడేళ్ళు, వాళ్ళు ఉన్నది డెబ్బై ఏళ్ళ పైమాటే. ఊరి చరిత్రలో వాళ్ళకు రాయాల్సిన అధ్యాయం ఇంకా ఎవరూ రాయలేదు.

1947కు ముందు కర్నూలు, కడప జిల్లాల పిల్లలకు డిగ్రీ అంటే ఊరు విడవడమే. 1916లో మొదలైన అనంతపురం దత్తమండల కళాశాలకో, మదనపల్లె బిసెంట్ థియసాఫికల్ కాలేజీకో, స్థోమత ఉంటే మద్రాసుకో పోవాలి. 1928లో నంద్యాల సభలో ఈ ప్రాంతానికి రాయలసీమ అని పేరు పెట్టిన చిలుకూరి నారాయణరావు ఆ అనంతపురం కాలేజీ అధ్యాపకుడే. 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ కర్నూల్లో ఉస్మానియా కాలేజీ స్థాపించారు. మరుసటి ఏడు కడపలో ప్రభుత్వ కళాశాల వచ్చింది. అప్పటినుంచి పల్లెల పిల్లలు ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని ఈ రెండు ఊళ్ళలో బస్సు దిగడం మొదలైంది.

దిగినవాళ్ళకు ఉండేందుకు రెండే తావులు, హాస్టలు లేదా రూము. నన్నడిగితే సీమలో కాలేజీ చదువు అసలు జరిగింది తరగతిలో కాదు, ఆ రూముల్లో. నలుగురు కలిసి పాతబస్తీలో ఒక మిద్దె గది తీసుకునేవాళ్ళు. ఒక కిరోసిన్ స్టవ్వు, రెండు గిన్నెలు, గోడకు ఒక అద్దం. బియ్యం ఒకరింటి నుంచి, చెనిక్కాయలు ఒకరింటి నుంచి, ఊరగాయ జాడీ ఇంకొకరింటి నుంచి వచ్చేవి. దగ్గరి పల్లెల వాళ్ళకు తెల్లారి మొదటి బస్సులో జొన్నరొట్టెల క్యారియరు వచ్చేది. కండక్టరు దాన్ని ఇంటి మనిషిలా దించి పెట్టేవాడు. వాన రాని ఏడు ఆ క్యారియరు పలచనయ్యేది. ఫీజు కట్టలేని వాడు పండక్కు ఇంటికి పోయి మళ్ళీ రాకపోవడం కూడా ఆ రూములకు తెలుసు. అందుకే మన పిల్లలకు సర్కారు హాస్టలంటే ముందు మూడు పూటల బువ్వ, ఆ తర్వాతే చదువు.

ఆ రూముల్లో జరిగిన పెద్ద పని ఇంకొకటుంది. పల్లెలో ఒకరి గడప ఒకరు తొక్కని కులాల పిల్లలు ఇక్కడ ఒకే గిన్నెలో కలుపుకొని తిన్నారు. పీర్ల పండక్కు హిందువుల పిల్లలు, ఉగాది భక్ష్యాలకు ముస్లిముల పిల్లలు ఒకరిళ్ళకు ఒకరు పోయారు. అన్ని రూములూ ఇలాగే ఉండేవని చెప్పను. ఊరివాళ్ళు, కులంవాళ్ళు మాత్రమే చేరిన రూములూ ఉండేవి. పల్లెలో పార్టీల తగాదా పెరిగితే ఇక్కడ తరగతిలో బెంచీలు మారేవి. కానీ మొదటిసారి కలిసి తిన్న చోటు ఎక్కడని ఆ తరం వాళ్ళను అడిగితే, చాలామంది చూపించేది ఆ మిద్దె గదులనే.

అన్నిటికంటే నేను ఎక్కువగా తలచుకునేది సిల్వర్ జూబిలీ కాలేజీని. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయిన సందర్భంగా 1972లో, పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, కర్నూల్లో ఈ ప్రభుత్వ గురుకుల డిగ్రీ కాలేజీ వెలిసింది. కోస్తా, తెలంగాణ, రాయలసీమ మూడు ప్రాంతాల పిల్లలు ఒకచోట ఉండి చదవాలన్నది సంకల్పం. ఆ సంకల్పానికి వచ్చిన పరీక్ష చూడండి. అదే ఏడు అక్టోబరు 3న, తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రత్యేక రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం రగిలింది. కోస్తాలో, సీమలో విద్యార్థులు రోడ్డెక్కారు, కాలేజీలు మూతపడ్డాయి, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. కలిపి ఉంచడానికి పెట్టిన కాలేజీ పుట్టిన ఏడే రాష్ట్రం విడిపోదామన్నది!

అయినా కాలేజీ నిలబడింది. ఏళ్ళ తరబడి శ్రీకాకుళం కుర్రాడు, కరీంనగర్ కుర్రాడు, ఆదోని కుర్రాడు పక్కపక్క మంచాల మీద పడుకున్నారు. అక్కడ చదివినవాళ్ళు తరచూ చెప్పే మాట ఒకటుంది. రాత్రి నీళ్ళ వాటా గురించి గొంతులు చించుకొని వాదించుకునేవాళ్ళట, పొద్దున్నే కలిసి ఉగ్గాని బజ్జీ తినడానికి పోయేవాళ్ళట. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయ్యాక కూడా ఆ స్నేహాలు తెగలేదు. మూడు ప్రాంతాలను కలపాలని చేసిన ఒప్పందాలు, పెట్టిన సంఘాలు ఎన్నో చెదిరిపోయాయి. బి క్యాంపులోని ఆ హాస్టలు మాత్రం తన పని తాను చేసింది. ఇప్పుడా కాలేజీ కె.వి.ఆర్. మహిళా కళాశాల, పురుషుల ప్రభుత్వ కళాశాలలతో కలిసి క్లస్టర్ యూనివర్సిటీలో భాగం.

ఆడపిల్లల సంగతి వేరు. వాళ్ళకు టీ బంకు లేదు, కాలువ గట్టు మీద షికారు లేదు, రెండో ఆట సినిమా లేదు. సాయంత్రం బస్సు తప్పితే ఇంట్లో జవాబు చెప్పుకోవాలి. వాళ్ళ స్నేహాలన్నీ బస్సు సీట్లలో, కాలేజీ వరండాల్లో, మధ్యాహ్నం టిఫిను డబ్బాల చుట్టూ అల్లుకున్నాయి. మగవాళ్ళు చెప్పుకునే కాలేజీ కథల్లో వాళ్ళు ఎక్కడా కనబడరు. ఇది పెద్ద లోటు.

కాలేజీ బయట కలుసుకునే చోటు విషయంలో కడపలో పరిస్థితి కొంత మెరుగు. అక్కడ విద్యార్థులకు చెట్టు నీడ లాంటి చోటు ఒకటి దొరికింది. తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ దొర నివసించిన తావులో, ఎర్రముక్కపల్లిలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో గ్రంథాలయం లేచింది. 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం వచ్చాక అది అందులో భాగమైంది. పుస్తకం కోసం పోయినవాళ్ళు అక్కడ మనుషులను కూడా కలుసుకున్నారు.

2008లో కడప జిల్లాలోనే ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. పదో తరగతి అయిన పల్లె పిల్లలు ఆరేళ్ళు అక్కడే ఉండి చదువుతారు. పేదపిల్లలకు అంతకంటే మేలు ఏముంటుంది? కానీ వాళ్ళకు ఊరితో పని లేదు. ఇంజనీరింగు కాలేజీల పిల్లలను పొద్దున బస్సు ఎక్కించుకుంటుంది, సాయంత్రం దింపేస్తుంది. ఊరూ విద్యార్థీ ఒకరికొకరు తెలిసి బతికిన కాలం వెనకబడింది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ వరద పాతబస్తీని ముంచినప్పుడు ఎన్నో ఇళ్ళలో ట్రంకుపెట్టెలు నానిపోయాయి. గ్రూపు ఫోటోలు, కాలేజీ వార్షిక సంచికలు, ఉత్తరాలు నీళ్ళపాలయ్యాయి. సిల్వర్ జూబిలీ తొలి బ్యాచీల వాళ్ళు ఇప్పుడు డెబ్బై దాటారు. ఉస్మానియా, కడప కాలేజీల తొలి తరం దాదాపు లేదు. మీ ఇంట్లో అలాంటి పెద్దలుంటే ఈ వారమే కూర్చోబెట్టి అడగండి. ఏ రూములో ఉన్నారు, ఎవరితో ఉన్నారు, ఏం తిన్నారు, ఎందుకు కొట్లాడుకున్నారు అన్నీ రాసిపెట్టండి. ముఖ్యంగా మీ అమ్మలను, మేనత్తలను అడగండి.