ద్వీపాంతరాన గాలం: అండమాన్ వేటలో ఉత్తరాంధ్ర

పాతపట్నానికి సముద్రం లేదు, మహేంద్రతనయ ఉంది. ఆ నీళ్ళు వంశధారలో కలిసి, ముఖలింగం పక్కగా సాగి, కళింగపట్నం దగ్గర సముద్రంలో పడతాయి. నీళ్ళు పోయిన దారినే మనుషులూ పోయారు. కళింగపట్నం నుంచి తూర్పుకు రంగూన్ సుమారు 1,300 కిలోమీటర్లు. ఆగ్నేయానికి తిరిగితే పోర్ట్‌బ్లెయిర్ 1,200 దాకా ఉంటుంది. ఇంచుమించు ఒకే దూరం. మన తాతల కాలంలో మొదటి దారి పట్టిన ఉత్తరాంధ్ర జనం, బర్మా తలుపులు మూసుకున్నాక రెండో దారి పట్టారు. రంగూన్ వలస గురించి మనవాళ్ళు కొంతైనా రాసుకున్నారు. అండమాన్ వలస గురించి, అందులోనూ చేపల వేట గురించి రాసింది బహు తక్కువ.

అండమాన్ కాపలా దీవి. మొదట ఖైదీలకు, ఆ తర్వాత సరిహద్దుకు. కాపలా కాసేవాడికి బియ్యం, పప్పు ఓడలో వస్తాయి. పచ్చి చేప మాత్రం ఓడలో రాదు, అక్కడే ఎవరో ఒకరు పట్టాలి. ఆ ఎవరో ఒకరు కాలక్రమాన ఎలా మారుతూ వచ్చారన్నదే ఈ వ్యాసం.

మొదట పట్టినవారు ఆ దీవుల సొంత బిడ్డలు. గ్రేట్ అండమానీలు, ఓంగేలు పగడపు దిబ్బల మీది పల్చటి నీళ్ళలో నిలబడి విల్లంబులతో చేపను కొట్టేవారు. ఆడవాళ్ళు చేతివలలతో చిన్నచేపలు, రొయ్యలు దేవేవారు. దక్షిణాన నికోబారీలు పక్కకొయ్య కట్టిన హోడీల మీద లోతుకు పోయేవారు. పదకొండో శతాబ్దంలో రాజేంద్ర చోళుడు తంజావూరు శాసనంలో చెక్కించిన నక్కవరం ఈ నికోబారే. తూర్పు తీరపు నావికులకు ఈ దీవులు కొత్తవి కావు. దిగి ఉండిపోవాలన్న కోరిక మాత్రం ఎవరికీ కలగలేదు.

1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ వేసిన తొలి స్థావరం జ్వరాలకు తట్టుకోలేక 1796లో మూతపడింది. 1857 తిరుగుబాటు తర్వాత, 1858 మార్చి 10న 200 మంది ఖైదీలతో ఓడ వచ్చి చేరింది. అప్పటినుంచి తెలుగులో ద్వీపాంతరవాసం అన్న మాటకు అర్థం అండమానే అయింది. మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను పంపింది కూడా అక్కడికే. శిక్షలో కొంత కాలం గడిచాక సత్ప్రవర్తన చూపిన ఖైదీలను స్వయంపోషకులుగా వదిలేవారు. వారు సాగు, పశుపోషణ, చేపల వేట వంటి పనులతో పొట్ట పోసుకునేవారు. దీవిలో కొలువు చేసే దొరలకు, సిపాయిలకు దొరికిన చేపలో కొంత అలా వచ్చిందే.

ఆ నీళ్ళలో ఏముందో శాస్త్రీయంగా చూసినవాడు ఫ్రాన్సిస్ డే. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా వచ్చి భారతదేశపు చేపల మీద ప్రామాణిక గ్రంథం రాసిన ఈయన అండమాన్ వెళ్ళి, అక్కడి చేపల మీద 1870లో లండన్ జంతుశాస్త్ర సంఘానికి వ్యాసం సమర్పించాడు. కొలువు మీద వచ్చిన సైనికవైద్యుడు చేపను చూసి ఆగిపోయి రాసుకున్నాడు. దీవి మీద కొలువు చేసిన ప్రతివాడినీ ఆ సముద్రం ఏదో ఒక రూపంలో అలా ఆపుతూనే వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అండమాన్ సముద్రం మీద కన్ను వేసింది జపాన్ పడవలు. అవి వచ్చింది చేప కోసం కాదు, బొత్తాలు చేసే ట్రోకస్ గవ్వ కోసం. 1938లో దీవులకు ప్రత్యేకంగా చేపల వేట చట్టం వచ్చింది. నాలుగేళ్ళకే, 1942 మార్చి 23న అదే జపాన్ సైన్యంతో దిగి మూడున్నరేళ్ళు కూర్చుంది. చివరి రోజుల్లో ఓడలు రాక, బియ్యం లేక దీవి ఆకలితో అల్లాడింది. చుట్టూ చేపలున్న సముద్రం మధ్య జనం ఆకలితో చచ్చిపోవడం నన్ను చాలా కాలం వెంటాడింది. సముద్రం నిండుగా ఉంటే చాలదు. నావ కావాలి, వల కావాలి, ఆ నీళ్ళ గుట్టు తెలిసిన చెయ్యి కావాలి.

స్వాతంత్య్రం వచ్చాక ప్రభుత్వానికి ఎదురైన కొరత ఆ చెయ్యే. 1949 నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకులను తెచ్చి భూములిచ్చారు. వారు వరి పండించే రైతులు, చెరువు చేపకూ ఏటి చేపకూ అలవాటు పడ్డవారు. అంతకుముందే అడవి పనికి వచ్చిన రాంచీవారికి సముద్రం పరిచయమే లేదు. అందుకే 1950ల మధ్యలో కేరళ నుంచి, ఆంధ్ర నుంచి బెస్త కుటుంబాలను పిలిపించి కాపురం పెట్టించారు. ఆంధ్ర నుంచి అంటే ముఖ్యంగా మన శ్రీకాకుళం, విశాఖ తీరాల వాడబలిజలు, జాలరులు. ఆ రోజుల్లో విజయనగరం జిల్లా లేదు, ఆ తీరం కూడా ఈ రెండింటిలోనే ఉండేది.

ఇక్కడ కొంచెం ఆగాలి. మన తీరపు వేటగాడు ఇసుక తీరం మనిషి. కెరటం విరిగే చోట తెప్పను నీళ్ళలోకి తోయడం, ఒడ్డున ఊరంతా నిలబడి పెద్దవల లాగడం అతని విద్య. కవ్వళ్ళు, కానాగంతలు, సావళ్ళు, నెత్తళ్ళు గుంపులుగా వచ్చే నీళ్ళవి. అండమాన్‌లో ఇది తలకిందులు. అఖాతాల్లో నీళ్ళు చెరువులా ఉంటాయి, కెరటంతో పోరు లేదు. కానీ అడుగున పగడపు రాయి. వల వేస్తే చిరిగి పోగులవుతుంది. కాస్త ముందుకు పోతే నేల ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది. మడ అడవుల కాలువల్లో ఉప్పునీటి మొసళ్ళు. అందువల్ల వల పట్టిన చెయ్యి గాలానికి మారింది. తెప్ప పోయి డింగీ వచ్చింది, తర్వాత దానికి ఇంజను వచ్చింది. కోనాం, తూర, పారలు, ఇక్కడ అరుదుగా చూసే పెద్దపెద్ద బండచేపలు అక్కడ రోజువారీ వేట అయ్యాయి. పుట్టిన సముద్రం నేర్పినదాన్ని సగం మరిచి, కొత్త సముద్రం దగ్గర మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవడం చిన్న సంగతి కాదు. పుస్తకం లేకుండా, గురువు లేకుండా వాళ్ళు ఆ పని చేశారు. నా దృష్టిలో ఉత్తరాంధ్ర చరిత్రలో ఇదొక పెద్ద ఘనత.

వెళ్ళినవారు బంధువులను పిలిచారు. పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ చేపల రేవులో తెలుగు మాట స్థిరపడింది. ఉద్దానం నుంచి, తీరపు ఊళ్ళ నుంచి కూలిపనికి, తాపీపనికి వెళ్ళేవారు వారికి తోడయ్యారు. విశాఖ నుంచి నెలకో ఓడ మనుషులను చేరవేసింది. 2011 జనాభా లెక్కల్లో దీవుల మొత్తం జనం 3,80,581 అయితే, తెలుగు తల్లిభాషగా రాయించుకున్నవారు 50 వేలకు పైగా, అంటే నూటికి 13 మందికి పైన. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం తెలుగుదే.

ఈలోగా దీవి మీద కాపలా బలపడింది. 1964లో నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ జరావా ఏర్పడింది. 2001 అక్టోబరులో త్రివిధ దళాలకు ఉమ్మడిగా అండమాన్ నికోబార్ కమాండ్ వచ్చింది, దేశంలో ఆ తరహాలో మొదటిది. 2012లో దక్షిణపు కొసన క్యాంప్‌బెల్ బేలో ఐఎన్‌ఎస్ బాజ్ వచ్చింది. మన జిల్లాల నుంచి సైన్యంలో చేరి ఆ దీవుల్లో కొలువు చేసి వచ్చినవారు ఎందరో ఉన్నారు. సెలవు పూట జెట్టీ మీద కూర్చుని చేతితాడుకు ఎర గుచ్చి నీళ్ళలోకి వదలడం అక్కడి కొలువులో ఒక ఊరట. ఇంటికి వందల మైళ్ళ దూరంలో ఉన్న మనిషికి తాడు కొసన ఏదో లాగిందంటే, ఆ సాయంత్రం గడిచిపోతుంది. గత రెండు దశాబ్దాల్లో ఈ సరదా ఒక వ్యాపారంగానూ ఎదిగింది. పెద్ద పారను చెక్క ఎరతో ఊరించి పట్టి, ఫోటో తీసుకుని మళ్ళీ నీళ్ళలో వదిలే వేటకు విదేశాల నుంచి కూడా వస్తున్నారు.

సైనిక దీవి అనగానే ప్రపంచంలో చాలామందికి డీగో గార్సియా గుర్తొస్తుంది. హిందూ మహాసముద్రం మధ్యలోని ఆ దీవిలో కొబ్బరితోటల్లో పనిచేస్తూ, చేపలు పట్టుకుంటూ బతికిన చాగోస్ జనాన్ని 1968 నుంచి 1973 లోపల బ్రిటన్ వెళ్ళగొట్టి, అమెరికా సైన్యానికి స్థలం ఇచ్చింది. 2010లో ఆ సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించి వ్యాపారపు వేట ఆపేశారు. స్థావరంలో కొలువు చేసేవారు సరదాకు గాలం వేసుకోవడానికి మాత్రం వీలుంచారు. అక్కడ బెస్తను తీసేసి సైనికుడిని పెట్టారు. అండమాన్‌లో సైనికుడూ ఉన్నాడు, బెస్తనూ పిలిచి తెచ్చారు. ఆ ఒక్క తేడా వల్లే అండమాన్ కథ మనుషుల కథగా మిగిలింది. అయితే అండమాన్‌లో నష్టపోయినవారు లేరని కాదు. 1858 నాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు ఈనాడు పదుల్లోకి వచ్చారు. మన వలసను పొగుడుకునేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టకూడదు. 1956 చట్టం ఆదివాసుల తావులను రక్షిత ప్రాంతాలుగా చేసింది, తర్వాత వాటి చుట్టూ సముద్రంలోనూ హద్దు గీశారు. ఆ హద్దును గౌరవించడం వేటగాడి ధర్మం.

2004 డిసెంబరు 26 సునామీ సైనికుడినీ బెస్తనూ తేడా లేకుండా ముంచింది. కార్ నికోబార్‌లో వైమానిక స్థావరం కొట్టుకుపోయింది, వందమందికి పైగా చనిపోయారు. దక్షిణపు కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. నావలు పోయినవారు మళ్ళీ నావలు కట్టుకున్నారు. ఆ సముద్రంలో ఏటా 1.48 లక్షల టన్నుల చేప పట్టవచ్చని అంచనా ఉంది. పడుతున్నది అందులో కొంతే. అలాంటి సముద్రానికి మన మనుషులు కావాలి, మన మనుషులకు ఆ సముద్రం కావాలి. గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద కూలికి వెళ్ళి, 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కి, ఏడాదికి పైగా కరాచీ జైల్లో మగ్గిన మన తీరపు వేటగాళ్ళను తలుచుకుంటే, సొంత నావతో సొంత ఇంటితో నిలబడిన జంగ్లీఘాట్ తెలుగువారి విలువ తెలుస్తుంది.

1950లలో పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని ఓడెక్కిన పిల్లలకు ఇప్పుడు డెబ్బై దాటి, కొందరికి ఎనభై కూడా నిండింది. కళింగపట్నంలో గాని, భావనపాడులో గాని, బారువలో గాని మీ ఇంటి నుంచి దీవులకు వెళ్ళినవారుంటే, ఏ ఏడు ఓడెక్కారో, ఏ వల పట్టుకెళ్ళారో, అక్కడి మొదటి వేటలో ఏ చేప పడిందో వాళ్ళని అడిగి రాసిపెట్టండి.