తోటపల్లి గూడూరు తీరాన ఇంటికప్పు: నిప్పు, గాలి, నిబంధన

నెల్లూరుకు తూర్పున, పెన్నా డెల్టా సముద్రాన్ని కలిసే చోట ఉన్న తోటపల్లి గూడూరు ప్రాంతంలో ఇంటికప్పుకు కావలసిన సామగ్రిని చిరకాలం పొలమూ తాటితోపూ సమకూర్చాయి. నడుమ నిట్రాడు, అనగా కప్పు బరువును మోసే నిలువు స్తంభం, పాతి, వాసాలు దించి, తాటాకో వరిగడ్డో కప్పి, చూరును మనిషి వంగి లోపలికి పోయేటంత కిందికి దించేవారు. ఇల్లు పొట్టిగా ఉంటే గాలి తాకిడి తగ్గుతుందన్న ఎరుకే ఆనాటి నిబంధన.

రాతలోని నిబంధన మాత్రం గాలికి కాక నిప్పుకు భయపడి పుట్టింది. నెల్లూరు పురపాలక సంఘం 1866లో ఏర్పడగా, 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం గడ్డి, ఆకు, చాప వంటి మండే వస్తువులతో పైకప్పు వేయాలంటే అధికారి అనుమతి కావాలన్నది. అంతకు ముందే, 1865లో మంగళూరు దగ్గర జెప్పులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ మొదలుపెట్టిన కార్ఖానా పెంకులు ఆ అవసరానికి తగినట్లు దక్షిణాదిన వ్యాపించాయి. అవి నిప్పుకు లొంగకపోయినా, పట్టీల మీద కేవలం తగిలించి ఉండేవి కనుక పెనుగాలికి లేచిపోయేవి.

ఈ తీరాన్ని 1927లోనూ, 1984లోనూ, 1989లోనూ తుపానులు తాకాయి. ఉత్తరాన కృష్ణా డెల్టాలో 1977 నాటి దివిసీమ ఉప్పెన వేలమందిని బలిగొన్నది. గాలి కప్పు మీదుగా సాగేటప్పుడు పైన ఒత్తిడి తగ్గి, కప్పును నెట్టడం కన్నా పైకి పీకడమే ఎక్కువగా చేస్తుంది. కాబట్టి బరువుకన్నా బిగింపే ముఖ్యం. భవనాలపై గాలి భారాన్ని లెక్కించే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగం, 1987 సవరణలో దేశాన్ని గాలి మండలాలుగా విభజించి, నెల్లూరుకు సెకనుకు 50 మీటర్ల, అనగా గంటకు 180 కిలోమీటర్ల ప్రాథమిక వేగాన్ని నిర్ణయించింది.

ఇక కట్టడానికి ముందు తీసుకోవలసిన అనుమతి సంగతి చూస్తే, 1948 ఫ్యాక్టరీల చట్టం కింద ప్రభుత్వాలు 2025 వరకు కర్మాగార భవనాల నక్షాలకు ముందస్తు ఆమోదం తప్పనిసరి చేయగలిగేవి. గ్రామాల్లోని కట్టడాలకు 2002 నాటి పంచాయతీ భవన నియమాలున్నాయి. కట్టేవారి విషయానికొస్తే, ప్రభుత్వ పనుల గుత్తేదారులు అనుభవాన్నీ ఆర్థిక స్తోమతనూ బట్టి తరగతులుగా నమోదవుతారు. సొంత గోదాముకో రొయ్యల షెడ్డుకో రేకులు బిగించే మేస్త్రీని అటువంటి అర్హత అడిగే ఆనవాయితీ మాత్రం పల్లెల్లో లేదు. నక్షా ఎంత సరైనదైనా రేకును వాసానికి పట్టి ఉంచేది బోల్టే, ఆ బోల్టును బిగించేది ఆ మేస్త్రీయే. అందువల్ల ఈ తీరంలో అనుమతి పత్రంతోపాటు, కప్పు కట్టే చేతికి శిక్షణా గుర్తింపూ కల్పించడం పంచాయతీలు చేపట్టవలసిన కర్తవ్యం.